వెనక బండికి ముందే తెలియాలంటే

1970ల తొలినాళ్లలో శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో తిరిగే 343 టాక్సీలకు వెనక నడిమధ్యన ఒక నారింజరంగు దీపం అదనంగా వచ్చింది. దాన్ని పెట్టించింది మోటారు ఇంజనీరు కాదు, జాన్ వొయెవోడ్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. మామూలు బ్రేక్‌లైటులా వెలిగి ఊరుకునే దీపం కాదది. డ్రైవరు మెల్లగా బ్రేకు వేస్తే నిదానంగా, గట్టిగా తొక్కితే గబగబా కొట్టుకునేది. ఆ దీపం లేని టాక్సీలతో పోల్చి చూస్తే, నడిచిన ప్రతి పది లక్షల మైళ్లకు వెనకనుంచి గుద్దించుకోవడం 60.6 శాతం తగ్గింది. ఫలితాలు 1974లో అచ్చయ్యాయి.

అమెరికా ప్రభుత్వం ఈ ప్రయోగంలో సగమే తీసుకుంది. మధ్యలో మూడో దీపం ఉండాలన్న మాట నచ్చింది, మిణుకుమనడం నచ్చలేదు. బ్రేక్‌లైటు నిలకడగా వెలగాలన్నది అక్కడి నిబంధన. అలా 1986 మోడల్ కార్ల నుంచి ఎర్రగా, కదలకుండా వెలిగే మూడో దీపం తప్పనిసరి అయింది. మరి లాభం? 1987లో వెనకనుంచి గుద్దుకునే ప్రమాదాలు 8.5 శాతం తగ్గాయి. కొన్నేళ్లకే ఆ లాభం 4.3 శాతానికి దిగి అక్కడే నిలిచింది. రోడ్డుమీద నూటికో కోటికో కనిపించినప్పుడు ఉలిక్కిపడి చూసిన కళ్లు, ప్రతి బండికీ వచ్చేసరికి అలవాటు పడిపోయాయి. 4.3 శాతమైనా ఎన్నో ప్రమాదాలను తప్పించే లెక్కే, అందులో సందేహం లేదు. కానీ టాక్సీల నాటి 60కీ తర్వాతి 4కీ మధ్య ఉన్న తేడాను కారుకు కొత్త బ్రేక్‌లైటు మాడ్యూల్ బిగించుకోవాలనుకునేవాళ్లు డబ్బు తీయకముందే గుర్తుపెట్టుకోవాలి.

ఎందుకంటే యాక్సెసరీల షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ ‘బ్రేక్ ఫ్లాషర్’ పేరుతో దొరికేవాటిలో ఎక్కువభాగం అడాప్టివ్ కావు, అంటే బ్రేకు ఎంత గట్టిగా వేశారన్నదాన్ని బట్టి మారేవి కావు. చిటికెడంత సర్క్యూటు, రెండు మూడు వైర్లు. పెడల్ మీద కాలు పెడితే చాలు, నాలుగైదుసార్లు టపటపా కొట్టుకుని తర్వాత నిలకడగా వెలుగుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినా అంతే, గేదె అడ్డొచ్చినా అంతే. ఇది ‘నాన్నా పులి’ కథలోని పిల్లవాడి వ్యవహారం. అమీర్‌పేట ట్రాఫిక్‌లో అరగంట ఇలాంటి బండి వెనక నడిపినవాడు ఆ దీపాన్ని పట్టించుకోవడం మానేస్తాడు, పైగా తిట్టుకుంటాడు. అడాప్టివ్ అన్న పేరు నిలవాలంటే మాడ్యూల్ దాదాపు ఎప్పుడూ నోరు మూసుకునే ఉండాలి.

ఎప్పుడు నోరు విప్పాలో అంతర్జాతీయంగా ఒక లెక్క ఉంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 48వది దీనికి ‘ఎమర్జెన్సీ స్టాప్ సిగ్నల్’ అని పేరుపెట్టింది. వేగం గంటకు 50 కి.మీ. దాటి ఉండాలి. కార్లయితే వేగం తగ్గే రేటు సెకనుకు సెకనుకు 6 మీటర్లు లేదా అంతకు మించి ఉండాలి. అప్పుడు దీపాలు సెకనుకు సుమారు 4 సార్లు కొట్టుకోవచ్చు, ఒకటి అటూ ఇటూ. తగ్గుదల 2.5 మీటర్లకు పడిపోయేసరికి మిణుకు ఆగిపోవాలి. ఇదంతా దానంతట అదే జరగాలి, డ్రైవరు చేత్తో వేసే స్విచ్ ఉండకూడదు.

ఈ 6 ఎంత గట్టి బ్రేకో అంకె చూస్తే తెలియదు. ఇంట్లోవాళ్లు వెనక సీట్లో కునుకు తీస్తుండగా జాగ్రత్తగా ఆపే మనిషి 2, 3 మీటర్ల దగ్గరే ఉంటాడు. 6 అంటే సీటుబెల్టు బిగుసుకుని, ముందుసీట్లోని సంచి కింద పడిపోయే దెబ్బ. అనుమానం ఉంటే ఫోన్‌లోనే చూసుకోవచ్చు. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఉచితంగా ఇస్తున్న ఫైఫాక్స్ అనే యాప్ ఫోన్‌లోని సెన్సార్ చెప్పే అంకెలను గ్రాఫుగా గీసి చూపిస్తుంది. ఫోన్‌ను కదలకుండా బిగించి, రోజూ తిరిగే దారిలో ఒకసారి తిరిగొచ్చి ఆ గ్రాఫు చూస్తే చాలు. తన మాడ్యూల్ నెలకు ఎన్నిసార్లు మేలుకోవాలో కారు యజమానికి ఒక అంచనా వస్తుంది. నెమ్మదిగా నడిపేవాళ్లకు ఒక్కసారీ మేలుకోదు. అలా ఉండడమే మంచిది.

లాభం ఎంత? 2005లో వచ్చిన ఎస్-క్లాస్ కారులో మెర్సిడెస్ ఈ మిణుకు లైటును పెట్టింది. వెనక డ్రైవరు సగటున 0.2 సెకను వరకూ ముందుగా బ్రేకు తొక్కుతున్నాడని తమ పరీక్షల్లో తేలిందని ఆ కంపెనీ చెప్పింది. గంటకు 100 కి.మీ. వేగంలో అంత వ్యవధికి బండి సుమారు ఐదున్నర మీటర్లు పోతుంది, అంటే ఒక పెద్ద కారు పొడవుకన్నా ఎక్కువ. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద ఇప్పుడు 120 వరకూ అనుమతి ఉంది. అక్కడైతే 6 మీటర్లు దాటుతుంది. 2022లో దేశంలో జరిగిన 4,61,312 రోడ్డు ప్రమాదాల్లో ఐదో వంతుకు పైగా వెనకనుంచి గుద్దినవే అని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. వాటిలో రోడ్డు పక్కన దీపాల్లేకుండా ఆగిన లారీని గుద్దిన ఘటనలను ఏ బ్రేక్‌లైటూ ఆపలేదు. ఆ సంగతి మాడ్యూల్ డబ్బా మీద రాసి ఉండదు.

కొనేముందు ఇంకో పని ఉంది. కారుతో వచ్చిన పుస్తకం తెరిచి ‘ఎమర్జెన్సీ స్టాప్ సిగ్నల్’ అన్న మాట వెతకాలి. హ్యుందాయ్ వెర్నా, కియా సెల్టోస్, హోండా సిటీ లాంటివాటిలో కొన్నేళ్లుగా ఇది ఫ్యాక్టరీ నుంచే వస్తోంది. చాలామందికి తమ కారులో ఉన్న సంగతే తెలియదు, సొంత బండి వెనక దీపాన్ని నడుపుతూ చూసేవాళ్లు ఎవరుంటారు? ఉన్నదానిపైన మళ్లీ ఇంకోటి బిగిస్తే రెండూ కలిసి ఏం చేస్తాయో చెప్పడం కష్టం.

చట్టం సంగతి సూటిగా చెప్పుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అదే ఏడాది చేసిన సవరణతో 182ఏ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకూ జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఫ్యాక్టరీలో పెట్టిన సిగ్నల్‌కు ఉన్న ఆమోదం షాపులో కొన్న మాడ్యూల్‌కు దానంతట అది రాదు. అందుకని ఆర్టీవో కార్యాలయంలో ముందే అడగడం, బీమా కంపెనీకి ఒక ఈమెయిల్ రాసి జవాబు దాచుకోవడం వైరు కొనడంకన్నా ముందు చేయాల్సిన పనులు. అమెరికాలోని తెలుగువాళ్లయితే తమ రాష్ట్ర చట్టం కూడా చూసుకోవాలి. నిలకడగా వెలగాలన్న నిబంధన అక్కడ ఇంకా ఉంది. అనుమతి లేదని తేలితే ఈ అధ్యాయంలో మిగతాది తన కారు వైరింగు అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది, అంతే.

ఇక పని. చాలామంది ఎలక్ట్రీషియన్లు చేసే మొదటి తప్పు స్టీరింగు కింద దూరడం. బ్రేకు పెడల్ పైన చిన్న స్విచ్ ఉంటుంది, పెడల్ కదలగానే కరెంటు వదిలేది అదే. ‘ఇక్కడ కోసి మాడ్యూల్ పెడితే మూడు లైట్లూ ఒక్కసారే మిణుకుమంటాయి’ అనేది వాళ్ల లెక్క. పాత మారుతి 800 లాంటి బండికి అది చెల్లింది, ఎందుకంటే ఆ స్విచ్ పని దీపాలు వెలిగించడమే. ఇప్పటి కార్లలో అదే స్విచ్ మాటను ఇంజిన్ కంప్యూటరు వింటుంది, ఏబీఎస్ వింటుంది, క్రూజ్ కంట్రోల్ వింటుంది. బటన్ స్టార్ట్ ఉన్న ఆటోమేటిక్ బండి బ్రేకు తొక్కారని తెలిస్తేనే స్టార్టవుతుంది, గేరు లీవరు కూడా అప్పుడే పార్క్ నుంచి కదులుతుంది. ఆ వైరు మధ్యలో సెకనుకు 4 సార్లు కరెంటు తీసేస్తే, డ్రైవరు బ్రేకు వేసి వదిలి, వేసి వదిలి నడుపుతున్నాడని కారు అనుకుంటుంది, అదీ ప్రాణం మీదికొచ్చిన క్షణంలో.

కాబట్టి మాడ్యూల్ చోటు డిక్కీ దగ్గర, దీపానికి ఆనుకుని. అక్కడ కూడా పక్కన ఉండే రెండు బ్రేక్‌లైట్లను ముట్టుకోకూడదు. మధ్యలో ఉండే మూడో దీపానికి మాత్రమే దీన్ని పెట్టాలి. ఈ నిర్ణయం ఒక్కటే చాలా చిక్కులను తప్పిస్తుంది. మాడ్యూల్ పాడైనా, నీళ్లుపడి చచ్చినా, రెండు పక్కల దీపాలు ఎప్పటిలా వెలుగుతాయి. పైగా మూడో దీపం ఇప్పుడు దాదాపు అన్ని కార్లలో ఎల్‌ఈడీయే. పక్క దీపాల్లో ఫిలమెంటు బల్బులైతే 21 వాట్లవి, ఒక్కోటి రెండు ఆంపియర్లకు కాస్త తక్కువ లాగుతుంది. ఆ ఫిలమెంటు పూర్తిగా వెలగడానికే సుమారు 0.2 సెకను పడుతుంది, ఆరడం కూడా బద్ధకంగానే ఉంటుంది. త్వరగా మిణుకుమనిపిస్తే అది వెలుగూ కాక చీకటీ కాక ఎర్రగా కునికిపాట్లు పడుతుంది.

దీపం దగ్గర సాధారణంగా రెండే వైర్లు ఉంటాయి, ఒకటి బ్రేకు వేసినప్పుడు వచ్చే 12 ఓల్టులది, ఇంకోటి ఎర్త్. రంగులను నమ్మకూడదు. ఒక కంపెనీ పచ్చ వైరు వాడినచోట ఇంకో కంపెనీ తెలుపు వాడుతుంది. మల్టీమీటరు ఒక కొన ఎర్త్‌కు, ఇంకో కొన వైరుకు పెట్టి, లోపల ఒకరిని కూర్చోబెట్టి బ్రేకు తొక్కించాలి. ఎవరూ లేకపోతే సీటుకూ పెడల్‌కూ మధ్య చీపురుకర్ర చాలు. తొక్కగానే 12 దగ్గరికి వచ్చి, వదలగానే సున్నాకు పడిపోతే అది కావలసిన వైరే. అంకె 12కీ సున్నాకీ మధ్య ఎక్కడో నిలబడినా, గంతులు వేస్తున్నా ఆగి ఆలోచించాలి. కొన్ని బండ్లలో బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే కారు సొంత కంప్యూటరు దీపానికి కరెంటును ముక్కలుముక్కలుగా కోసి పంపి వెలుగును తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. బల్బు బతికే ఉందా అని సూక్ష్మమైన పల్స్ పంపి చూసుకునేవి కూడా ఉన్నాయి. అలాంటి కారులో సాదా మాడ్యూల్ పెడితే పట్టపగలు డిక్కీ దీపం తనంతట తాను కన్నుగీటవచ్చు, డ్యాష్‌బోర్డులో బల్బు పోయిందన్న హెచ్చరిక రావచ్చు. ఆ కార్లకు ఈ పని మానుకోవడమే తెలివి.

మంచి మాడ్యూల్‌కు నాలుగు వైర్లుంటాయి: కారు నుంచి వచ్చే బ్రేకు వైరు, దీపానికి పోయే వైరు, ఎర్త్, ఇంకోటి ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఉండే కరెంటు. ఈ నాలుగోది ఖర్చు తగ్గించడానికి కొందరు తయారీదారులు వదిలేస్తారు. అప్పుడు మాడ్యూల్ బ్రేకు తొక్కాకే నిద్రలేస్తుంది. అది కళ్లు నులుముకుని కారు ఎంత వంగి ఉందో, ఏది ముందో తేల్చుకునేలోపు జరగాల్సింది జరిగిపోతుంది. ఇగ్నిషన్ కరెంటు డిక్కీలో దొరకడం కొంచెం కష్టం. వెనక వైపర్ ఉన్న హ్యాచ్‌బ్యాక్‌లలో దాని దగ్గర దొరకవచ్చు, లేకపోతే ఫ్యూజుబాక్సు నుంచి గుమ్మాల కింది ప్లాస్టిక్ పట్టీ లోపలగా లాక్కురావాలి. ఎక్కడినుంచి తీసినా, తీసిన చోటుకు దగ్గరగా 1 లేదా 2 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. మూడో దీపం లాగే కరెంటు తక్కువే కాబట్టి 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరు సరిపోతుంది.

వైరు ఎంత పెద్దదన్నదానికన్నా జాయింటు ఎలా వేశారన్నది ముఖ్యం. వైరు మీద నొక్కితే లోపలి కత్తి దిగి కరెంటు పట్టే నీలంరంగు క్లిప్పులు షాపులో చాలా తేలిగ్గా అమ్ముడవుతాయి, కొన్ని వానాకాలాలకే అంతే తేలిగ్గా తుప్పు పడతాయి. మే నెలలో విజయవాడ ఎండలో నిలబెట్టిన కారులో ఇన్సులేషన్ టేపు జిగురు కారి విడిపోతుంది. సరైన క్రింపు, దానిపైన వేడిచేస్తే బిగుసుకునే స్లీవ్ — అంతకు తక్కువకు ఒప్పుకోకూడదు. అన్నిటికన్నా మేలైన దారి ఫ్యాక్టరీ వైరును అసలు కోయకుండా ఉండడం. దీపం వెనక ఉండే కనెక్టరుకు సరిపోయే మగ, ఆడ కనెక్టర్లు విడిగా దొరికితే మాడ్యూల్‌ను వాటి మధ్య ఇరికించవచ్చు. అప్పుడు వారంటీ వాదన కూడా మెత్తబడుతుంది. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీయాలన్నది అందరికీ తెలిసిందే. తీస్తే ఆడియోకు కోడ్ అడిగే కార్లున్నాయి, ఆ కోడ్ ముందే చూసి పెట్టుకోవడం చాలామంది మరిచిపోతారు.

హ్యాచ్‌బ్యాక్ అయితే దీపం డిక్కీ తలుపులో ఉంటుంది. వైర్లు పైన ముడత రబ్బరు గొట్టంలోంచి లోపలికి వెళతాయి. తలుపు ఎత్తిన ప్రతిసారీ అక్కడ వైర్లు వంగుతాయి, ఏళ్లు గడిచేసరికి తెగేది కూడా అక్కడే. కొత్త వైర్లను వీలైనంతవరకూ ఆ గొట్టంలో పెట్టకుండా, మాడ్యూల్‌ను తలుపులోనే ఉంచడం మంచిది. కానీ ఇక్కడో తిరకాసు ఉంది. తలుపు ధడాలున వేస్తే సెన్సార్‌కు అదో పెద్ద కుదుపు. బ్రేకు వేసి లేనప్పుడు ఏ కుదుపు వచ్చినా పట్టించుకోని మాడ్యూల్‌కు ఇబ్బంది లేదు. సెడాన్ వాళ్ల పని సులువు. వెనక సీటు పైన ఉండే పలక కింద, డిక్కీ లోపలినుంచి చేయి పెడితే చాలు.

సెన్సార్ గురించి కొంచెం ఎక్కువే తెలుసుకోవాలి, మాడ్యూల్ మంచిచెడ్డలన్నీ దానిలోనే ఉన్నాయి. అది వేగాన్ని కొలవదు, తనపై పడే బలాన్ని కొలుస్తుంది. అందుకని బ్రేకు వేయడానికీ కారు ముక్కు దించి వాలులో దిగడానికీ తేడా దానికి తెలియదు. తిరుమల ఘాట్‌లో దిగుతుంటే నూటికి 10 వాలు ఉన్నచోట దాని లెక్కలో అప్పటికే దాదాపు 1 మీటరు తగ్గుదల చేరిపోయి ఉంటుంది. గట్టిగా బ్రేకు వేస్తే కారు ముందుకు వంగుతుంది, అది ఇంకొంచెం కలుపుతుంది. స్పీడు బ్రేకర్లూ గుంతలూ కొట్టే దెబ్బలు వేరే. మంచి మాడ్యూల్ క్షణకాలపు కుదుపులను వడగట్టి, కొద్దిసేపు నిలిచిన తగ్గుదలనే లెక్కలోకి తీసుకుంటుంది. దాన్ని స్పాంజి టేపుతో అతికిస్తే ఆ పని చెడుతుంది. ఇనప రేకుకు స్క్రూలతో, పైనున్న బాణం గుర్తు కారు ముందుకు ఉండేలా బిగించాలి. 50 కి.మీ. షరతు పాటించాలంటే వేగం తెలియాలి, దానికి జీపీఎస్ ఉన్న రకమో కారు స్పీడు సిగ్నల్ అందుకునే రకమో కావాలి. ఇవి లేని మాడ్యూల్ ట్రాఫిక్‌లో 20 వేగంలో వేసిన సడన్ బ్రేకుకు కూడా గోల చేస్తుంది.

బిగించకముందే దీన్ని ఇంట్లో బల్లమీద పరీక్షించవచ్చు, రోడ్డు మీదికెళ్లి సడన్ బ్రేకులు వేయనక్కర్లేదు. ముక్కు కిందికి వంచితే భూమ్యాకర్షణే బ్రేకు పాత్ర వేస్తుంది. 38 డిగ్రీలు వంచితే సెన్సార్‌కు 6 మీటర్ల తగ్గుదలతో సమానం, 15 డిగ్రీలు అంటే సుమారు 2.5. మాడ్యూల్‌నూ ఫోన్‌నూ ఒకే చెక్కపలకకు కట్టి, ఫోన్‌లో లెవెల్ చూపించే యాప్ తెరిచి, 12 ఓల్టుల బ్యాటరీ ఒకటి, చిన్న ఎల్‌ఈడీ దీపం ఒకటి తగిలించి, బ్రేకు వైరుకు కరెంటు ఇచ్చి పలకను వంచాలి. 30 డిగ్రీల దగ్గరే మిణుకు మొదలైతే మాడ్యూల్ తొందరపాటుది. 15కు దిగాక కూడా ఆగకపోతే మొండిది. వేగం తెలిస్తే తప్ప పనిచేయని రకాలకూ, తమను తాము సరిచేసుకుంటూ పోయే రకాలకూ ఈ పరీక్ష సరిగా చెల్లదు, అలాంటివాటికి టెస్ట్ మోడ్ ఉందో లేదో పుస్తకంలో చూడాలి.

ఇంకో పరీక్ష దీనికన్నా ముఖ్యం. ఎర్త్ వైరు పీకేయాలి, తర్వాత ఇగ్నిషన్ వైరు కూడా పీకేయాలి. రెండు సందర్భాల్లోనూ బ్రేకు వైరుకు కరెంటు ఇస్తే దీపం నిలకడగా వెలగాలి. వెలగకపోతే ఆ మాడ్యూల్ ఎంత ఖరీదైనదైనా కారులోకి రాకూడదు. చేతిపని వచ్చినవాళ్లు దీన్ని రిలేతో సరిచేసుకోవచ్చు. కాయిల్‌లో కరెంటు లేనప్పుడు కలిసే ఉండే కాంటాక్టు గుండా దీపానికి కరెంటు పోనిచ్చి, మిణుకు కావలసినప్పుడు మాత్రమే మాడ్యూల్ ఆ రిలేను లాగేలా కట్టాలి. మాడ్యూల్ చస్తే కాంటాక్టు కలిసే ఉంటుంది, దీపం మామూలుగా వెలుగుతుంది. సెకనుకు 4 సార్లు రిలే కొట్టుకుంటే అరిగిపోదా అనే ప్రశ్న సహజమే. రోజంతా పనిచేసే ఇండికేటరు రిలేతో పోలిస్తే ఏడాదికి ఏ కొన్నిసార్లో మేలుకునే దీనికి ఆ బెంగ లేదు. రిలేకు బదులు మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ వాడేవాళ్లు కూడా ఇదే సూత్రంతో, గేటుకు సంకేతం లేనప్పుడు దీపం ఆన్‌లో ఉండేలా కట్టాలి.

ఎర్త్ కోసం బాడీ బోల్టు విప్పితే కింద పెయింటు ఉంటుంది. ఉప్పుకాగితంతో అది గీకి, రింగు పెట్టి బిగించి, మీద కొంచెం గ్రీజు రాయాలి. విశాఖలాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ గ్రీజు ఇంకా అవసరం.

బిగించాక కారును సర్వీసుకు ఇచ్చేటప్పుడు మాడ్యూల్ సంగతి జాబ్‌కార్డులో రాయించాలి. లేకపోతే వెనక దీపంలో ఏదో తేడా ఉందని మెకానిక్ పొద్దంతా వైరింగు వెతుకుతాడు, ఆ గంటల కూలి బిల్లులో పడుతుంది. ఏ వైరు ఎక్కడినుంచి తీశారో, ఫ్యూజు ఎక్కడుందో ఒక కాగితం మీద గీసి ఆర్సీ కాపీతో పాటు డ్యాష్‌బోర్డు అరలో పెట్టడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఫ్యాక్టరీ వైరు కోయకుండా కనెక్టర్లతో పెట్టినవాళ్లు ఫిట్‌నెస్ పరీక్షకు పోయేముందో, కారు అమ్మేముందో ఆ కాగితం చూసి మాడ్యూల్‌ను ఊడదీసి, పాత కనెక్టరును మళ్లీ దీపానికే తగిలించేయవచ్చు.